చుక్కల మావయ్య

ఏ చోటికి వెళ్లినా మా మావయ్యకు ముందు కనబడేది మనుషులు కాదు, చదరపు మీటరుకు ఎంతమంది ఉన్నారన్నది.

పటాలు గీసే ఆఫీసులో ఆయన ఉద్యోగం. ఖండం పటం మీద పదివేల మందికి ఒక చుక్క చొప్పున పెట్టుకుంటూ పోవాలి. నదుల పక్కన చుక్కలు చీమల్లా మూగుతాయి, ఎడారిలో ఎక్కడో ఒకటీ అరా ఉంటాయి, ఉత్తరాన మంచులో వెతుక్కోవాలి. ముప్పై ఏళ్లకు ఆ పిచ్చి ఇంటికీ పాకింది. ఆఫీసులో చుక్కలు పెట్టేవాడు, ఇంట్లో మాకు చుక్కలు చూపించేవాడు.

"వంటగదిలో నలుగురా! డెల్టా అయిపోయింది. ఇద్దరు వలస వెళ్లండి," అనేవాడు గుమ్మంలో నిలబడి.

"కూర మాడితే నువ్వే తినాలి. వెళ్లమంటావా?" అనేది అమ్మ.

"నువ్వు స్థానికురాలివి. నిన్నెవరు వెళ్లమన్నారు?"

ఓసారి లిఫ్టులో తొమ్మిదిమందిమి ఇరుక్కుపోయాం. అందరూ దేవుణ్ణి తలుచుకుంటుంటే, "ఇంత సాంద్రత ఖండంలో ఎక్కడా లేదు!" అని ఈయన చప్పట్లు కొట్టబోయాడు. చెయ్యి ఆడే చోటు లేక ఆ దెబ్బ మా నాన్న చెంపకు తగిలింది. బావా బావమరుదులు వారం రోజులు మాట్లాడుకోలేదు.

ఆ ఏడాదే మా బాబాయి పోయాడు. పిన్ని మా ఇంటికొచ్చి వెనక గదిలో తలుపేసుకుంది. పంపిన కంచం పంపినట్టే తిరిగొచ్చేది. రెండు నెలల్లో మనిషి సగమైంది. ఇలాగే ఉంటే చెల్లెలు తనకు దక్కదేమోనని అమ్మ నా దగ్గర ఏడ్చింది.

మావయ్య మాత్రం టేపు తెచ్చి ఆ గదిని కొలిచాడు.

"పన్నెండు చదరపు మీటర్లకి ఒక్క మనిషా! హాల్లో నాకు మోచెయ్యి పెట్టుకునే దిక్కు లేదు," అంటూ పటం బల్లతో సహా అందులోకి దిగిపోయాడు.

"దాన్ని ప్రశాంతంగా కూడా ఉండనివ్వవా? నీకసలు బుద్ధుందా?" అని అమ్మ మండిపడింది. నాకూ ఒళ్లు మండింది.

వారం రోజులు పిన్ని గోడవైపు తిరిగే పడుకుంది. మావయ్య గొణుక్కుంటూ చుక్కలు పెట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం, నేను అక్కడే ఉన్నాను, ఆ గొణుగుడు కాస్త పెద్దదైంది.

"ఉత్తరాన నాలుగు వేలమందే. పదివేలు లేనిదే చుక్క పెట్టకూడదట. సరే, ఖాళీ."

"నాలుగు వేలమంది ఉంటే ఎవరూ లేనట్టా?" అంది పిన్ని గోడతో.

"రూలమ్మా. నేనేం చెయ్యను?"

పిన్ని లేచి కూర్చుంది. "ఏం రూలన్నయ్యా అది! తక్కువైతే మనుషులు కారా? పెట్టు చుక్క."

"మా అధికారి ఒప్పుకోడు."

"ఒప్పుకోకేం చేస్తాడు? నేను రాస్తా ఆయనకి. కాగితం ఇలా తే."

ఉత్తరం గురించి నాలుగు పేజీల ఉత్తరం తయారైంది. అది మరీ ఘాటుగా ఉందన్న నాన్నతో వాదించడానికి పిన్ని హాల్లోకి వచ్చింది. వాదిస్తూ వాదిస్తూ, తనకే తెలియకుండా కంచం ఖాళీ చేసింది. అమ్మ మళ్లీ వడ్డించింది. పటం అచ్చయి వచ్చినప్పుడు మంచులో నిజంగానే ఒక చుక్క ఉంది. పిన్ని దాన్ని ఇల్లంతా తిప్పి చూపించింది.

మరో రెండేళ్లకు, మావయ్య రిటైరైన రోజు ఆ అధికారికి నేను కృతజ్ఞతలు చెప్పాను, ఉత్తరం చదివి చుక్క పెట్టనిచ్చినందుకు.

"ఏ ఉత్తరం?" అన్నాడాయన. "పదివేలకి తక్కువైనా సరే, మనుషులున్న చోట ఓ చుక్క ఉండాల్సిందే. ఇరవై ఏళ్ల కిందట ఆ రూలు పెట్టించిందే మీ మావయ్య!"

ఇంటికొచ్చి నిలదీశాను. మావయ్య వినిపించుకోలేదు. వెనక గది గుమ్మంలో నిలబడి, పిన్ని చుట్టూ చేరి నవ్వుతున్న ఏడుగురినీ వేలితో లెక్కపెట్టాడు.

"డెల్టా చేసేశారు. నాకు కాలు పెట్టే చోటు లేదు," అని మహా సంతోషంగా విసుక్కున్నాడు.