మా తోటికోడలి మణికట్టు

మోండా మార్కెట్ వెనక సందులో మాది గాజుల దుకాణం. మా అత్త కూర్చున్న పీట మీదే ముప్పై ఏళ్లుగా నేను కూర్చుంటున్నాను. ఆడమనిషి చెయ్యి ఒక్కసారి పట్టుకుంటే చాలు, సైజు చెప్పేస్తాను. రెండు నాలుగా, రెండు ఆరా, రెండు ఎనిమిదా అని కొలత రింగులు ఎక్కించి దించి తంటాలు పడే దుకాణాలు వేరే ఉన్నాయి. నా దగ్గర రింగులు లేవు. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ల మొదట్లో ఉండే ఎముకలను ఒక్క నొక్కు నొక్కుతాను, అంతే. గాజు దాటాల్సింది ఆ ఎముకలనే. దాటితే పని అయిపోయినట్టే, ఆ వెనక మణికట్టు ఎంత ఉందో ఎవడిక్కావాలి? ఇన్నేళ్లలో నా లెక్క తప్పింది ఒక్కసారే. అదీ తెలిసి తెలిసి తప్పాను.

నాది రెండు నాలుగు. మెత్తటి చెయ్యి. పెళ్లిచూపుల నాడే మా అత్త నా చెయ్యి పట్టుకుని, ఈ పిల్లే నా కోడలు అని అక్కడికక్కడ తేల్చేసిందట. ఈ ముక్క దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పి ఉంటాను. విన్నవాళ్లే మళ్లీ విన్నారు, నాకేం సిగ్గులేదు.

మా మరిది పెళ్లికి పెళ్లికూతురికి గాజులు తొడిగే పని నాకు పడింది. మా ఇళ్లలో అది పెద్ద కోడలి హక్కు. అందరి ముందు చాప మీద కూర్చోబెట్టి తొడగాలి. ఆ పిల్ల భయం భయంగా చెయ్యి చాపింది. పట్టుకున్నాను. ఎముకల చెయ్యి. కుట్టుమిషను మీద పెరిగిన చెయ్యి. నేను తెచ్చిన రెండు ఆరు ఆ ఎముకల దగ్గరే ఆగిపోయింది. పెద్ద డబ్బా పక్కనే ఉంది, చప్పుడు కాకుండా మార్చేస్తే ఎవరికీ తెలియదు. నేనెందుకు మారుస్తాను? ఆ చేతిని పైకెత్తి అందరికీ కనపడేలా పట్టుకున్నాను.

"ఏందమ్మా గివి, చేతులా చేటలా? మా దుకాణంల గింత సైజు దొరకది, లారీ టైర్ల షాపుకు పోవాలె!"

పందిరి పందిరంతా నవ్వింది. మా మరిది కూడా నవ్వాడు. సబ్బు రాసి ఆ చిన్న గాజులే ఎక్కించబోతే రెండు విరిగాయి. పెళ్లిలో గాజు పగిలిందని పైకి అనడం అశుభమని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను అన్నాను. "పగిలినయ్" అని గట్టిగా అన్నాను. పెళ్లికూతురు తలొంచుకుంది, ముంజేతి మీద చిన్న నెత్తుటి బొట్టు.

ఆ తరువాత ఇరవై రెండేళ్లు మెట్టుగూడలో ఒకే ఇంట్లో ఉన్నాం. కింద మేము, పైన వాళ్లు. ఆమె టీ తెచ్చిస్తే, "కప్పు ఏదమ్మా, నీ చేతిల కనపడ్తలేదు" అనేదాన్ని చుట్టాల ముందు. ఆమె కూడా నవ్వేది. నవ్వింది కదా అని ఇంకొకటి అనేదాన్ని. కొన్నేళ్లకు ఆమెకు నలుగురిలో చేతులు కొంగు కింద పెట్టుకోవడం అలవాటైంది. అది చూసి కూడా నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది.

ఆమె రెజిమెంటల్ బజార్‌లో ఒక బట్టల దుకాణంలో ఆల్టరేషన్ పని చేసేది. పొద్దున్నే టిఫిన్ డబ్బా, సంచిలో కొలత టేపు పెట్టుకుని బయల్దేరితే సాయంత్రానికి గానీ తిరిగి వచ్చేది కాదు. మా ఇంట్లో వాళ్ల బ్లౌజులన్నీ, నావి కూడా, ఆమే కుట్టేది. పోయిన ఎండాకాలం బస్టాపు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరు పరీక్షలు చేసి, గుండె అప్పుడప్పుడు నెమ్మదిస్తోందని మాత్రలు రాశాడు. పనికి పోవచ్చు, కొంచెం కనిపెట్టుకుని ఉంటే చాలన్నాడు.

మా మరిది మాత్రం హడలిపోయాడు. "నేను డ్యూటీల ఉన్నప్పుడు రోడ్డు మీద పడితే ఎవలు చూస్తరు వదినా? నాకు పరేషాన్ అయితున్నది" అన్నాడు. వాళ్ల అమ్మాయి ఇంటర్ చదువుతోంది, ఆ పిల్ల ఉపాయం చెప్పింది. స్మార్ట్ వాచీ పెట్టుకుంటే అది నాడి చూస్తుంది. గుండె మరీ నెమ్మదించినా, మరీ జోరుగా కొట్టుకున్నా, మనిషి పడిపోయినా, పక్కన ఫోను లేకున్నా సరే, దానంతట అదే వాళ్ల నాన్నకు మెసేజ్ పంపుతుంది. మరిది ఒప్పుకుని షరతు పెట్టాడు. నెలరోజులు వాచీతో ఇంట్లో ఉండాలి. అన్నీ సరిగా చూపిస్తే పనికి వెళ్లొచ్చు, లేకపోతే పని బంద్. దుకాణం సేటు కూడా నెలదాకా ఆమె మిషను ఇంకొకరికి ఇవ్వనన్నాడు. మా తోటికోడలికి తన సొంతమని చెప్పుకోవడానికి ఉన్నది ఆ మిషనొక్కటే. అది పోకుండా ఉండాలంటే వాచీ నిజం చెప్పాలి.

"చేతికేసేది కదా, వదిననే తోల్కపో" అన్నాడు మరిది ఆమెతో.

స్టేషన్ దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణానికి ఇద్దరం వెళ్లాం. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో.

"మేడం మణికట్టు జెర కొలుస్త" అంది.

మా తోటికోడలు సంచిలోంచి టేపు తీసింది. నాకు ఒళ్లు మండింది.

"లోపట పెట్టు. నేనుండంగ టేపేందే?" అన్నాను. ఆమె చెయ్యి లాక్కుని, బొటనవేలు మడిచి, ఎముకలు నొక్కాను. "రెండు ఎనిమిది. అన్నిట్ల పెద్దది తియ్ బిడ్డా."

ఆ అమ్మాయి నలభై ఆరు మిల్లీమీటర్ల సైజు తీసి కట్టి చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇది పెద్దగైతది ఆంటీ. చూడండ్రి, డయల్ రెండు దిక్కుల బయటికొచ్చింది. కింద ఈ పచ్చ లైటు చర్మానికి ఆనాలె, లేకుంటే రీడింగ్ రాదు. మేడంకు నలభై కరెక్టు. మేడం మణికట్టు మస్తు సన్నగున్నది."

సన్నగా ఉందట! ఆమె చేతి గురించి అలాంటి మాట నేను వినడం అదే మొదటిసారి. మా తోటికోడలు ముందు తన మణికట్టు వైపు చూసుకుంది, తరువాత నా వైపు చూసింది. ఆ ముఖంలో ఒక చిన్న వెలుగు కనిపించింది. నేను ఓర్వలేకపోయాను. మరో మాట లేదు, ఓర్వలేకపోయాను.

నా పొరపాటు కూడా ఆ నిమిషంలోనే అర్థమైంది. గాజు ఎముకలను దాటి ఎక్కాలి. వాచీ దేన్నీ దాటక్కర్లేదు, పట్టీ విప్పి మణికట్టు మీదే కట్టుకుంటారు. ముప్పై ఏళ్లు గాజులు తొడిగినదాన్ని, గాజు కొలతతో వాచీ కొన్నాను. అక్కడే నవ్వేసి, నలభై ఇవ్వమ్మా అంటే సరిపోయేది.

"నీ వయసు కంటే నా సర్వీసు ఎక్కువ. పెద్దదే ప్యాక్ చెయ్" అన్నాను.

"అక్కా, ఒక్కసారి నలభై పెట్టి చూద్దమా?" అని మెల్లగా అడిగింది మా తోటికోడలు.

"నీ చేతికి నలభయ్యా? పిల్లల వాచ్ పెట్టుకోని బజార్ల తిరుగుతవా? జనం నవ్వుతరు!"

ఆమె టేపు చుట్టి సంచిలో వేసుకుంది. వారంలోపు తెస్తే సైజు మార్చి ఇస్తామని ఆ అమ్మాయి బిల్లు ఇస్తూ నాతోనే చెప్పింది. ఇంటికొచ్చాక నేను ఆ సంగతి ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

ఇక చూడాలి ఆ నెల. పట్టీకి ఆఖరి బెజ్జం కూడా చాలక, ఆమె దబ్బనంతో ఇంకో రెండు పొడుచుకుంది. బిగిస్తే పట్టీ కోస్తుంది, డయల్ మాత్రం అంచుల మీద లేచే ఉంటుంది. పైకి జరిపితే కిందికి జారుతుంది. ఒకరోజు బట్టలు ఉతుకుతూ బండకేసి కొడుతుంటే, మనిషి పడిపోయిందని వాచీ మెసేజ్ కొట్టింది. మా మరిది డ్యూటీ వదిలేసి, చెమటలు కక్కుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఆమె సబ్బు నురుగు చేతులతో నిలబడి ఉంది. నాలుగు రోజులకు మరోసారి అలాగే జరిగింది. నాడి చూస్తే ఒకసారి అంకె బదులు ఉత్త గీతలు, ఒకసారి ముప్పై నాలుగు, మళ్లీ గీతలు. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే బాగానే ఉందన్నాడు. మా మరిది నమ్మలేదు.

"ఇన్నిసార్లు గిట్ల చూపిస్తున్నది. మిషన్ అబద్ధం చెప్తదా వదినా?" అని నన్నే అడిగాడు, మెట్ల దగ్గర.

నోట్లో తమలపాకు ఉంది. నమిలి మింగి, "మిషన్ ఎందుకు చెప్తది అబద్ధం? దానికేం పగ మనమీద?" అన్నాను. పై మెట్టు మీద ఆమె నిలబడి వింటోంది. అది నేను చూశాను కూడా.

నెల తిరిగేసరికి మరిది సేటుకు ఫోన్ చేసి, మా ఆమె ఇక రాదని చెప్పేశాడు. మర్నాడు దుకాణం నుంచి ఆమె కత్తెర, కుర్చీ మీది చిన్న దిండు, దారపు ఉండల డబ్బా ఒక కవర్లో వచ్చాయి. ఆ కవరు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద చాలాసేపు కూర్చుంది.

"పోనియ్యవే, గా చేతులకు సుత జెర రెస్టు" అన్నాను.

ఆమె లేచి పైకి వెళ్లిపోయింది.

శ్రావణం వచ్చింది. దుకాణంలో కాలు పెట్టే సందు లేదు. ఒక లావుపాటి ఆవిడ చెయ్యి పట్టుకుని నేను గాజులు ఎక్కిస్తుంటే, జనంలోంచి మా తోటికోడలు వచ్చింది. మెట్టుగూడ నుంచి ఒక్కతే వచ్చింది. పనికి పోవడం ఆగాక మా మరిది గేటు దాటనివ్వని మనిషి. నా పక్కన కూర్చుని, వాచీ విప్పి బల్ల మీద పెట్టింది. చేతులు కొంగు కింద లేవు.

"చెయ్యియ్యి అక్కా" అంది.

అంతమంది ముందు ఏమంటాను? ఎడమ చెయ్యి ఇచ్చాను. ఆమె గాజులు పైకి జరపబోయింది. అవి జరగలేదు. చాలా ఏళ్లుగా జరగడం లేదు, కండలో కూరుకుపోయాయి. వాటి వెనక టేపు చుట్టి, బట్టల దుకాణంలో చెప్పినట్టు పైకి చదివింది.

"ఏడున్నర."

తరువాత అదే టేపు తన మణికట్టుకు చుట్టింది. "అయిదున్నర" అంది. వాచీ తీసి నా చేతికి కట్టింది. ఆమె దబ్బనంతో పొడిచిన బెజ్జాలు అక్కర్లేకపోయాయి. డయల్ మణికట్టు మీద నిండుగా కూర్చుంది, పచ్చ లైటు చర్మానికి అతుక్కుంది.

"నలభై అని ఆ పిల్ల చెప్పింది నేను సుత ఇన్న అక్కా. నా మాట ఎవలు పట్టించుకుంటరు, చేతికేసేదంటె నీ మాటనే కదా. నువ్వే చెప్తవేమో అని నెలంతా చూసిన" అంది. గొంతు పెంచలేదు. "ఇరవై రెండేండ్లు నా చేతులు పట్టి అందరికీ చూపిచ్చినవ్. నీ జాకెట్లు కుట్టేది నేను. నీ చెయ్యి ఎంత, నడుము ఎంత, ఏడాదికి కుట్లు ఎంతెంత ఇప్పుతున్ననో అన్నీ నా బుక్కుల ఉన్నయ్. ఒక్కనాడన్న ఎవ్వరికన్న చెప్పిన్నా?"

ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వితే బాగుండు అనిపించింది. ఆమె టేపు చుట్టుకుని, జనాన్ని తప్పించుకుంటూ రెజిమెంటల్ బజార్ వైపు నడిచి వెళ్లిపోయింది.

నేను లావుపాటి ఆవిడ చెయ్యి మళ్లీ పట్టుకున్నాను. రెండో గాజు ఎక్కలేదు, మూడోది విరిగింది. కాసేపటికి ఫోన్ మోగింది. మరిది.

"వదినా! వాచ్ మెసేజ్ కొట్టింది, గుండె మస్తు జోరుగ కొట్టుకుంటున్నదట. ఇంట్ల లేదట, ఫోన్ ఎత్తుతలేదు. యాడ పడ్డదో ఏమో!"

"పడలే. మంచిగనే ఉన్నది. వాచ్ నా చేతికున్నది" అన్నాను.

"నీ చేతికా? నీది రెండు నాలుగు కదా, అంత పెద్దది నీకు పడ్తదా?"

"పట్టింది. సరిగ్గ పట్టింది."

"మరి ఆమెకు ఏది పడ్తది వదినా?" అని అడిగాడు.

"నలభై" అన్నాను. "కొన్ననాడే చెప్పిండ్రు దుకాణంల. నేనే వద్దన్న."

అతను ఫోన్ పెట్టేశాడు. పక్కనున్న లావుపాటి ఆవిడ, "అమ్మా, జెర నా చెయ్యి ఇడువు, నొస్తున్నది" అంది.