మడమ చప్పుడు

మా చిన్నప్పుడు... పత్తి తీతలు మొదలైతే మాకు పండగే. వాకిట్లో రెండు గుంజల మధ్య అడ్డకర్రకి బోరెం వేలాడదీసేవాళ్ళు. బోరెం అంటే మనిషి లోతున్న పెద్ద గోనెసంచి. మమ్మల్ని అందులోకి దింపి, పైనుంచి పత్తి కుమ్మరిస్తుంటే మేం ఎగిరెగిరి తొక్కాలి. ముక్కులోకి నూగు, జడల్లో గింజలు... అయినా దిగమంటే ఏడుపే!

తొక్కడానికి ఒక పద్ధతుంది. మోకాళ్ళు బిగించాలి, మడమలు ముందు దిగాలి. అప్పుడే పత్తి అణుగుతుంది. మోకాలు కాస్త వంగిందా, "ఏమే, కూడు తినలా? బిగించి తొక్కు!" అని మా మార్తమ్మ పిన్ని కేకలేసేది. పత్తి మెత్తనిది కదా, ఎంత మొరటుగా దిగినా ఏమీ అనేది కాదు. దూకడమంటే అదే అనుకున్నాం.

పిన్ని కూతురు సువార్త అందరికంటే బాగా తొక్కేది. నాకంటే చిన్నదే గానీ నన్ను మించిన పొడుగు. హైస్కూలు వాలీబాల్ జట్టులో నేను బంతి లేపి ఇస్తే తను కొట్టేది. అబ్బ, ఏం ఎగిరేదండీ! కుళ్ళుకునేదాన్ని కూడా.

కానీ దిగేటప్పుడు మాత్రం... ధబ్!

మా డ్రిల్లు సారుకి ఆ చప్పుడు నచ్చేది కాదు. ఒకరోజు ఆట ఆపించి, తడి నేల మీద సువార్త దిగిన చోటు చూపించారు. వేళ్ళ గుర్తులు సరిగా లేవు. మడమల దగ్గర మాత్రం రెండు గుంటలు.

"ఇట్టా దిగడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"పత్తి తొక్కుతాం గదా సార్," అంది నవ్వుతూ.

సారు నవ్వలేదు. "పత్తయితే దెబ్బ తను తీసుకుంటుంది. నేల తీసుకోదు తల్లీ, మోకాలికే ఇచ్చేస్తుంది. ఇప్పుడు తెలీదు," అన్నారు.

అప్పట్నుంచి సువార్తకి వేరే పాఠం. వేళ్ళు ముందు ఆనాలి, తర్వాత మడమ. మోకాళ్ళు వంగాలి గానీ లోపలికి తిరక్కూడదు. కుర్చీలో కూర్చోబోయినట్టు నడుం వెనక్కి పోవాలి. ముందు అరుగు మీంచి దూకించారు, తర్వాత బెంచీ మీంచి, ఆ తర్వాతే బంతి. తను దూకుతుంటే సారు అటు తిరిగి నిలబడేవారు. చూసేవారు కాదు, వినేవారు. "వినపడింది. మళ్ళీ," అనేవారు. పాపం, ఏడ్చేది. వానాకాలమంతా అదే గోల... చివరికి ఒక సాయంత్రం సారు వెనక్కి తిరిగి "దూకావా?" అని అడిగారు. అప్పటికే దూకేసి నిలబడి ఉంది! మా సంబరం చూడాలి.

జిల్లా జట్టు ఎంపిక దర్శిలో పెట్టారు. అక్కడ నెగ్గితే సువార్తకి స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. సారు పిన్నిని పిలిచి చెప్పారు.

"అప్పటిదాకా అమ్మాయిని బోరెంలోకి దింపొద్దమ్మా. కొత్త అలవాటు ఇంకా పచ్చిగానే ఉంది. కంగారులో ఒళ్ళు పాతదాన్నే వెతుక్కుంటుంది."

"అట్టాగేనండి," అంది పిన్ని. మనస్ఫూర్తిగానే అంది.

ఎంపిక ఇంకో వారం ఉందనగా సముద్రం వైపునుంచి మబ్బు పట్టింది. తుఫానన్నారు. తీసిన పత్తంతా వాకిట్లో గుట్టగా ఉంది. తడిస్తే ఏడాది కష్టం మట్టిపాలే. నేను వెళ్ళేసరికి బోరెం ఊగుతోంది. పైన సువార్త తల లేస్తోంది, మునుగుతోంది... గాలి స్తంభించిపోయింది. పత్తిలో మడమ చప్పుడు వినపడదు. అందుకే నాకు మరీ భయమేసింది.

"పిన్నీ, సారు వద్దన్నారు గదా!"

"ఏం చెయ్యమంటావే? మీ బాబాయి ఒక్కడు ఎంతని తొక్కుతాడు? పత్తిలోనేగా, రాళ్ళ మీదా?"

"ఏం కాదులే అక్కా, సారు చెప్పిందంతా నాకు గుర్తుంది," అంది సువార్త, బోరెంలోంచి.

వారమంతా తొక్కింది. ఆ తుఫాను మా ఊరికి రానేలేదు.

దర్శిలో నేల ఎండి బిగుసుకుపోయి ఉంది. ఆటకి ముందు ఊరికే ఎగిరి చూసుకుంది... ధబ్! గీత పక్కన కూర్చున్న సారు లేచి నిలబడ్డారు. "సువార్తా, వేళ్ళు!" అన్నారు. తలూపింది. ఆట మొదలయ్యాక మెత్తగానే దిగుతుంటే నా గుండె కుదుటపడింది. చివరికి రెండు జట్లూ సమానమయ్యాయి. చుట్టూ ఒకటే అరుపులు. నేను బంతి లేపాను. సువార్త ఎగిరింది... అంత అందంగా ఎగరడం నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదండీ.

దిగింది. మడమలు ముందు. మోకాళ్ళు బిగించి. ధబ్! వెంటనే ఇంకో చిన్న చప్పుడు, ఎండు కందికట్టె విరిగినట్టు. కుడి మోకాలు లోపలికి తిరిగిపోయింది.

పరిగెత్తుకెళ్ళి తల ఒళ్ళో పెట్టుకున్నాను. "నాకు గుర్తుందక్కా..." అంది, పళ్ళు బిగబట్టి. "కాలికే గుర్తులేదు."

సీటూ పోయింది, ఆటా పోయింది. ఆ బోరేన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పిన్నిని తిడదామంటే నోరు రాదు.

ఇప్పుడు మా వైపు బోరేలు పెద్దగా కనపడటం లేదు. పత్తిని విడిగానే ట్రాక్టరు ట్రక్కులో పోసి చిలకలూరిపేట మిల్లులకి తోలేస్తున్నారు. ఆడే పిల్లలకి మంచి బూట్లున్నాయి, ఎలా దూకారో ఫోన్లో నెమ్మదిగా తిప్పి చూపించే కోచ్‌లున్నారు. మొన్న వెళ్తే సువార్త ఆ కాలు చాపుకుని, కుర్చీలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. కూతురు బళ్ళో వాలీబాల్ జట్టుకి ఎంపికైందట. మొహం వెలిగిపోతూ చెప్పింది.

"ఏదే పిల్ల?" అన్నాను.

వాకిట్లో ఆపి ఉన్న పత్తి ట్రక్కులోంచి కేరింతలు వినపడ్డాయి. పిల్ల పత్తి మీద ఎగురుతోంది. నన్ను చూసి "పెద్దమ్మా!" అంటూ ట్రక్కు మీంచి సిమెంటు వాకిట్లోకి దూకింది.

ధబ్!

సువార్త చేతిలో కాయ జారిపోయింది. "దానికి నేనేమీ నేర్పలేదక్కా..." అంది.

బోరేలు పోయాయి, ఆ రోజులూ పోయాయి. ఆ చప్పుడు మాత్రం ఇంకా ఉంది. తలకి తెలియకుండా మీ ఒళ్ళు దాచుకున్న చిన్ననాటి పని ఏదైనా ఉందా? ఉంటే ఇక్కడ రాయండి... రాసేముందు మీ పిల్లలు ఎక్కడైనా దూకుతుంటే, ఒక్కసారి అటు తిరిగి నిలబడి వినండి.