చిన్నత్త ఇచ్చిన ఎర్రచేపలు

పోయిన నెల పన్ను పీకించుకోవడానికి కర్నూలు వెళ్ళాను. డాక్టరు గది బయట, మనం కూర్చునే చోట, గోడ పొడుగునా పెద్ద చేపల తొట్టి ఉంది. రోగులు నొప్పి మరిచిపోతారని పెట్టి ఉంటారు. తొట్టి నడుమ ఒక అద్దం పలకను అడ్డంగా దింపారు. ఒక పక్క బోలెడు చేపలు, రెండో పక్క ఒకే ఒక్కటి. చీటీలు రాసే అమ్మాయిని అడిగితే, "అది వట్టి కొట్లాటలదమ్మా, పక్కదాన్ని బతకనీదు" అంది. అంతే, నాకు నవ్వు ఆగలేదు. వాచిన దవడతో నవ్వడమంటే ఎంత నరకమో పడినవాళ్ళకే తెలుస్తుంది. అయినా నవ్వాను, మా చిన్నత్త గుర్తొచ్చి.

నేను ఆదోనికి కోడలిగా వచ్చేనాటికి మా మామగారికి బజారులో పేరున్న బట్టల అంగడి ఉండేది. ఆయన పుట్టింది మాత్రం ఎమ్మిగనూరులో, మగ్గం గుంత పక్కన. తండ్రి జీవితమంతా నేసినవాడు. మామగారు మగ్గం వదిలి అంగడి పెట్టి, మేడ కట్టి, బొంబాయికి సరుకుకు పోయినప్పుడు ఒక అద్దాల తొట్టి తెచ్చి హాల్లో పెట్టుకున్నారు. ఆదోనిలో అప్పటికి అట్లాంటిది ఎవరింట్లోనూ లేదని ఆయన నమ్మకం. అందులో బంగారు చేపలు, మొలకల్లాంటి నల్ల చేపలు, తెల్లటి రెక్కల చేపలు, మూడు రకాలుండేవి. వాటి మధ్య తగాదాలు రాకుండా చూడటమే ఆయనకు అంగడి తర్వాత పెద్ద పని. కొత్త చేప వస్తే లోపలి రాళ్ళన్నీ తీసి వేరే తీరుగా పేర్చేవారు, పాత చేపలు తమ హద్దులు మరిచిపోవాలని. చిన్నవి దాక్కోవడానికి పగిలిన కుండపెంకులు వేసేవారు. మేత రెండు కొసలా ఒకేసారి చల్లేవారు. అయినా ఏదైనా ఇంకొకదాని తోక కొరికితే దాన్ని పట్టి గాజు జాడీలో వేసి కిటికీలో పెట్టేవారు. దానికి ఇంట్లో జైలు అని పేరు. ఖైదీలకు నీళ్ళు మార్చే ఉద్యోగం కొత్త కోడలినైన నాది.

మామగారికి ఒక్కతే చెల్లెలు. నా భర్తకు మేనత్త, నేను చిన్నత్త అని పిలిచేదాన్ని. ఆమెను ఎమ్మిగనూరులోనే ఒక నేతగాడికి ఇచ్చారు. ఆయన్ను మేము ఎమ్మిగనూరు మామ అనేవాళ్ళం. మాట తక్కువ మనిషి. ఒక దీపావళికి అంగట్లో లక్ష్మీపూజ అయ్యాక మామగారు ఊళ్ళో వ్యాపారస్తులందరినీ ఇంటికి భోజనానికి పిలిచారు. ఎమ్మిగనూరు మామ బస్సు దిగి, చంకలో చీరల మూటతోనే నేరుగా వచ్చాడు. తొట్టి చూడటం ఆయనకు అదే మొదలు. మూట కింద పెట్టి, వంగి, అద్దం మీద అరచెయ్యి ఆనించి ముచ్చటగా చూస్తూ ఉండిపోయాడు.

"అద్దం ముట్టుకోవద్దు బావా. నీ చేతులు గంజి వాసన. చేపలు బెదురుతాయి" అన్నారు మామగారు. కుర్చీల్లో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఆయనకు రుచించింది. "వసారాలో కూచో పో. యాడుండేటివి ఆడుంటేనే కొట్లాటుండదు" అని ఇంకొకటి కలిపారు.

ఎమ్మిగనూరు మామ చెయ్యి తీసి, మూట ఎత్తుకుని వసారాలోకి పోయాడు. అక్కడే తిన్నాడు. చిన్నత్త లడ్ల పళ్ళెం పట్టుకుని వంటింటి వాకిట్లో నిలబడి ఉంది. నవ్విన ప్రతి ఒక్కరికీ లడ్డు పెట్టింది, అన్నకు రెండు పెట్టింది. ఆ రెండో లడ్డు చూసి నేను భయపడవలసింది. అప్పటికి నాకు ఆమె సంగతి తెలియదు.

తర్వాతి సంగతి ఆమే నాకు చాలా ఏళ్ళకు చెప్పింది. వానలు మొదలయ్యాక మంత్రాలయం పోయి, మాధవరంలో చుట్టాలింట దిగిందట. ఏటి పక్క మడుగులో కుంకుమ రంగు చేపపిల్లలు గుంపుగా తిరుగుతుంటే, అక్కడ వల వేసే మనిషిని రెండు పట్టిమ్మని అడిగింది. "కొర్రమీను పిల్లలమ్మా ఇవి. ఇప్పుడు ఎర్రగుంటాయి గానీ, పెద్దయితే పక్కనున్న చేపను మిగలనియ్యవు. ఏం చేసుకుంటావు?" అన్నాడట అతను.

"అవే కావాలప్పా నాకు" అందట చిన్నత్త.

గాజు సీసాకు తడిగుడ్డ చుట్టుకుని ఆదోనికి వచ్చింది. "అన్నా, నీకు రంగు చేపలు తెచ్చినా" అని చేతిలో పెట్టింది. మామగారి మొహం వెలిగిపోయింది. ఇట్లాంటివి బొంబాయిలో కూడా చూడలేదన్నారు. పద్ధతి ప్రకారం రాళ్ళన్నీ తీసి కొత్తగా పేర్చి, దీపం ఆర్పి, వాటిని లోపలికి వదిలారు. చిన్నత్త కాఫీ తాగి, మళ్ళీ బస్సుకు వెళ్ళిపోయింది.

ముందు నల్ల చేపలు తగ్గాయి. మామగారు పిల్లిని అనుమానించి తొట్టి మీద బరువు పెట్టారు. తర్వాత పనిమనిషిని అనుమానించారు, ఆమె మానేసింది. ఆపైన తెల్ల రెక్కల చేప ఒకటి మిడిసిపడుతోందని దాన్ని జైల్లో వేశారు. ఒకటి రెండోదాని కడుపులోకి పోయి, ఎర్రవి రెండూ ఒకటయ్యాయి. ఆ ఒకటి ఎరుపు పోయి, బురద రంగు తిరిగి, జానెడు పొడుగైంది. చివరికి బంగారు చేపలు కూడా పోయాయి. పాత చేపల్లో ప్రాణాలతో మిగిలింది చేయని నేరానికి జైల్లో పడిన ఆ తెల్ల చేప ఒక్కటే.

ఒక సాయంత్రం మామగారి స్నేహితుడు, పత్తి వ్యాపారం చేసే సాయిబుగారు, ఇంకో నలుగురు వర్తకులతో కలిసి వచ్చారు. తొట్టిలోకి చూసి పడీపడీ నవ్వారు. "అరె భాయ్, కొర్రమీనుకు అద్దాల మహలు కట్టినావేమయ్యా! ఎవరిచ్చినారు నీకు?"

"మా చెల్లెలు" అన్నారు మామగారు. అని, ఆగిపోయారు. అందరూ నవ్వుతున్నారు. ఏ హాల్లో దీపావళినాడు నవ్వారో అదే హాలు. ఆయనకు అప్పుడు అర్థమైంది.

తెల్లారి చేపను ఇత్తడి బిందెలో వేసుకుని, నీళ్ళు తొణకకుండా పట్టుకోవడానికి నన్ను తోడు తీసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కారు. మేము చేరేసరికి చిన్నత్త రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. బిందె ఆమె ముందు పెట్టి, "ఇదేం చేప?" అన్నారు.

"కొర్రమీను."

"తెలిసే ఇచ్చినావా?"

"తెలిసే ఇచ్చినా."

"నోరులేని చేపలే అవి! నిన్నేం చేసినాయి?"

రాట్నం ఆగింది. "నోరుండీ మాట్లాడని మనిషి నా మొగుడు. ఆయప్ప నిన్నేం చేసినాడన్నా? గంజి వాసన అంటివే, మన నాయన చేతులు ఏం వాసన కొడతాండె? ఆ చేతుల్తో తినిపిస్తేనే గదా నువ్వింతోడివైంది?"

మగ్గం గుంతలో ఉన్న ఎమ్మిగనూరు మామకు ఇదంతా కొత్త. పైకి వచ్చి బిందెలోకి చూశాడు. "నీళ్ళు వేడెక్కినాయి బావా" అని కుండలో నీళ్ళు ముంచి పోశాడు. భార్య వైపు తిరిగి, "ఇంత పని చేసినావా?" అన్నాడు.

"చేసినా. మళ్ళా అంటే మళ్ళా చేస్తా."

మామగారు బిందె ఎత్తుకుని బయటికి నడిచారు. మా పక్క పగవాడు గడప తొక్కినా మంచినీళ్ళిస్తారు. ఆమె ఇవ్వలేదు. ఆయన అడగలేదు.

చేపను ఎవరికైనా కూరకు ఇచ్చెయ్యమని మా అత్తగారు గోల పెట్టారు. ఆయన వినలేదు. "నా చెల్లెలిచ్చింది. నా ఇంట్లోనే ఉంటాది" అన్నారు. అది ప్రేమో, ఓడిపోయానని ఆమెకు తెలియకూడదన్న పంతమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తొట్టిలో కొర్రమీను ఒక్కటే దొరలా తిరిగేది. అన్నాచెల్లెళ్ళు మాత్రం ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

నాకు కొడుకు పుట్టాడు. ఇంటి ఆడపడుచు లేకుండా ఉయ్యాల ఎట్లా వేస్తారని ఊళ్ళో అడిగేవాళ్ళకు జవాబు చెప్పలేక మామగారే మళ్ళీ ఎమ్మిగనూరు వెళ్ళారు. చిన్నత్త వస్తానంది, కానీ ఒక షరతు పెట్టింది. "బిడ్డను నా మొగుని చేతుల్తోనే ఉయ్యాల్లో ఏయించాల. ఆ పొద్దు నవ్వినోళ్ళంతా సూస్తాండంగా."

అట్లే జరిగింది. వర్తకులందరి ముందు ఎమ్మిగనూరు మామ, గోళ్ళ సందుల్లో నీలిరంగున్న చేతులతో నా కొడుకును ఎత్తి ఉయ్యాలలో పడుకోబెట్టాడు. మామగారు ఆముదం తాగినవాడిలా మొహం పెట్టుకుని, చివరికి లేచి తన కుర్చీ ఆయనకు జరిపారు. ఎమ్మిగనూరు మామ కళ్ళు తుడుచుకున్నాడు. చిన్నత్త మాత్రం బిడ్డ వైపు చూడలేదు, మొగుడి వైపూ చూడలేదు. అన్న మొహాన్నే చూస్తూ కూర్చుంది, ఆకలి తీరా తింటున్నట్టు.

ఆ వేసవిలో తాగే నీళ్ళకే కటకటైతే బావలిద్దరూ కలిసి చేపను మాధవరం దగ్గర ఏట్లో వదిలి వచ్చారు. తర్వాత రాకపోకలు మామూలే. ఇప్పుడు మామగారు లేరు, ఎమ్మిగనూరు మామా లేడు. చిన్నత్తకు ఎనభై దాటాయి. అంత పని ఎందుకు చేశావత్తా అని ఒకసారి అడిగాను. "ఆ నల్ల చేపలు పాపం, ఉసురు తగిలింటాది" అంది. వాళ్ళన్న మాటెత్తగానే వంగిన నడుము నిటారుగా లేచింది. పళ్ళు లేవు, చూపు లేదు, నిన్న తిన్నదేమిటో గుర్తు లేదు. మనిషిని అంతగా ముసలి చేసిన కాలానికి ఆ ఒక్క కోపాన్ని ముసలి చేయడం చేతకాలేదు.