బొచ్చె చేపలో ఎర్ర కండ

నా చిన్నప్పుడు మృగశిర కార్తె రోజున గోదావరిఖనిలో చేప వండని బొగ్గు గని క్వార్టరు వెతికినా దొరికేది కాదు. అప్పటికింకా తెలంగాణ రాలేదు, మా ఇంటికి ఫ్రిజ్ రాలేదు. ఆ ఫ్రిజ్ కోసమే మా బాపు ప్లే డేలు చేసేవాడు. ప్లే డే అంటే ఆటల రోజనుకునేరు. బొగ్గు బాయికి, అంటే గనికి, సెలవుండే ఆదివారం కూడా డ్యూటీకి దిగడం. ఆ రోజు జీతం ఎక్కువ.

ఆ ఎండాకాలమంతా బాపు ఒక్క ఆదివారం ఇంటిపట్టున ఉండలేదు. అన్నం తింటూ తింటూనే కునికేవాడు, చేతిలో ముద్ద చేతిలోనే ఉండేది. భూమి లోపల పనిచేసే మనిషికి కునుకు పడితే ఏమవుతుందో మా కాలనీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అమ్మ చెప్పి చూసింది, అలిగి చూసింది. ఈ ఒక్క నెల ఆగమనేవాడు బాపు. ఆ నెల ఎప్పటికీ గడిచేది కాదు. నా ధ్యాసంతా ఫ్రిజ్ వస్తే చేసుకునే మంచుగడ్డల మీదే.

ఆ ఏడు కార్తె శనివారం పడింది. బాపు పొద్దుటి షిఫ్టుకు వెళ్లాడు. మా నానమ్మ పుట్టిల్లు గోదావరి ఒడ్డున చేపలు పట్టే ఇల్లు. బొగ్గు ఊరికి కోడలిగా వచ్చినా చేప కోసే పని మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. మేం కోస్తే చేపకే నామోషీ అన్నట్టు చూసేది. పొద్దున్నే బజారు నుంచి పెద్ద బొచ్చె చేప తెచ్చి, బూడిద రాసి తోమి, ముక్కలు కోసి, అమ్మ చేత పులుసు పెట్టించింది. రెండు ముక్కలు మాత్రం పక్కన ఉంచింది. వాటి తోలు వలిచి, పక్కటెముకల వైపు తోలు కింద పట్టీలా ఉండే ఎర్ర కండను గీసి తీసి ఒక గిన్నెలో వేసింది. తెల్ల కండను ఇంకో గిన్నెలో వేసింది. రెండింటినీ నీళ్ల కుండ పక్కన తడిబట్ట కింద పెట్టి, పిల్లి రాకుండా నన్ను కాపలా కూర్చోబెట్టింది. ఎందుకని అడిగితే మీ బాపు కోసమంది.

బాపు వచ్చి స్నానం చేసి కూర్చున్నాడు. పులుసు గిన్నె కంటే ముందు నానమ్మ ఆ రెండు గిన్నెలు తెచ్చి ముందర పెట్టింది.

"వాసన సూడు బిడ్డా."

బాపు ఎర్రదాని దగ్గర మొహం పక్కకు తిప్పాడు. "గిది ఖరాబైంది గదనే అవ్వా. తెల్లది మంచిగనే ఉన్నది."

"ఒక్కటే చేప, ఒక్కటే కత్తి. చేప దినమంత ఈదేది గీ ఎర్ర కండతోనే. నెత్తురు, నూనె అంత దీంట్లనే ఉంటది. తెల్లది ఎప్పుడన్న బెదిరితే దుంకెటందుకు, కడమ పొద్దంత ఊకనే ఉంటది. మరి పానం పోయినంక ఏది ముందుగాల ఖరాబైందో నువ్వే సూసినవ్."

అమ్మ వంటింటి గడపలో నిలబడింది. బాపుకు విషయం అర్థమైంది. నవ్వాడు కానీ ఆ నవ్వు నిలవలేదు.

"ఎర్ర కండ ఊకుంటే చేప కదులుతదా అవ్వా?"

"కదలది. గందుకే మా ఇంట్ల దాన్నే ముందుగాల సూసుకునేటోళ్లం."

బాపు పులుసు కలుపుకుని తిన్నాడు. రేపటి సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మళ్లీ బాయికి దిగుతాడేమోనని ఆ రాత్రి నాకు భయంగానే ఉండింది.

ఆదివారం లేచి చూస్తే బాపు బూట్లు గోడవారనే ఉన్నాయి. మంచం మీద బాపు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. వంటింట్లో అమ్మ ఎప్పటిలాగే పొయ్యి ముందు ఉంది. అలవాటు కొద్దీ టిఫిన్ డబ్బా కూడా కట్టేసింది. నానమ్మ ఆ డబ్బా వంక, అమ్మ వంక కాసేపు చూసింది. తర్వాత అమ్మ చేతిలోంచి గరిటె తీసుకుంది.

"నువ్వు సుత పోయి పండుకో బిడ్డా."

అమ్మ నడింట్లోకి వచ్చి నిలబడింది. పగటిపూట ఎక్కడ పడుకోవాలో ఆమెకు తెలియలేదు. చివరికి నా చాప మీద ఓ పక్కగా ఒరిగింది. నేను అమ్మ పాదాల దగ్గర కూర్చుని, ఆమె కళ్లు మూతపడేదాకా కదలకుండా ఉన్నాను.

ఫ్రిజ్ ఆ ఏడు రాలేదు, చాలా ఆలస్యంగా వచ్చింది. అందులో పెట్టినా ముందుగా వాసన వచ్చేది ఎర్ర కండేనని తర్వాత నా వంటింట్లోనే చూశాను. ఇప్పటికీ ఎవరింటికి భోజనానికి వెళ్లినా, విస్తరి ముందు కూర్చోగానే నా కళ్లు ఆ ఇంట్లో అందరికీ వండి, తాను మాత్రం తినడానికి ఇంకా కూర్చోకుండా ఉన్న మనిషి కోసం వెతుకుతాయి. ఆమె వచ్చి పక్కన కూర్చునేదాకా నాకు ముద్ద దిగదు.