మేజోళ్ళతో వచ్చిన నాన్నమ్మ

ఆ రోజుల్లో సువార్తలో ఏ మాటకు ఏ అర్థమో తేల్చే అధికారం బిలాస్‌పూర్ రైల్వే కాలనీ మొత్తానికీ మా నాన్నమ్మ దగ్గరే ఉందని నేను నిజంగానే నమ్మేదాన్ని. మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన బాప్టిస్టు కుటుంబం. యేసు శిష్యుల కాళ్ళు కడిగి, మీరూ ఒకరి కాళ్ళొకరు కడగాలని చెప్పిన చోటు వచ్చినప్పుడల్లా మా చర్చిలో వినయం మీద ప్రసంగం వినేవాళ్ళం, ఇంటికొచ్చి అన్నం తినేవాళ్ళం. ఎవరి కాళ్ళు వాళ్ళవే. అలాంటి నేను, బ్యాంకులో కొత్తగా చేరిన రోజుల్లో, సీపత్ కరెంటు ప్లాంటులో పనిచేసే గుంటూరు అబ్బాయిని ఇష్టపడ్డాను. వాళ్ళ సంఘంలో శుభశుక్రవారానికి ముందురోజు, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు ముందు, నిజంగానే బేసిన్లలో నీళ్ళు పెట్టుకుని కాళ్ళు కడుగుతారు.

సంబంధం మాట్లాడడానికి మా క్వార్టరుకు వచ్చిన అబ్బాయి వాళ్ళమ్మ (ఇప్పుడు మా అత్తగారు) నెమ్మదిగానే చెప్పింది. "ఆ గురువారం మీరొకసారి వచ్చి మాతో కూర్చోండి. ప్రధానం, పెళ్ళి మాటలు ఆ తర్వాత అనుకుందాం."

నాన్నమ్మ టీ కప్పు కింద పెట్టింది. "కూకోడానికేటుంది? అది మనసు వంచమని సెప్పిన మాట. కాళ్ళు కడగమని కాదు."

"ఆయన చేయమన్నాడు, మేం చేస్తున్నాం పెద్దమ్మగారూ."

"కుడికన్ను తప్పు సేయిస్తే పీకీమని కూడా అన్నాడు. మీ సంఘంలో ఒంటికన్నోలు ఎందరున్నారేటి?"

"అది ఉపమానం కదండీ."

"అచ్ఛా. అది ఉపమానం, ఇది ఆజ్ఞ. ఈ పంపకం ఎవులు సేసేరు?"

గూడ్సు బండి నడిపే మా నాన్నకు ఉన్నట్టుండి డ్యూటీ గుర్తొచ్చింది. నాకు పెళ్ళి ఆశ వదులుకోవడం ఒక్కటే మిగిలింది.

అయినా గురువారం నాన్నమ్మ బయల్దేరింది. అమ్మ లేని నాకు అన్నిటికీ ఆమే తోడు మరి. బిలాస్‌పూర్ ఎండలు మండిపోతున్నాయి. ఆమె కాళ్ళకు మాత్రం మా నాన్న నల్లటి డ్యూటీ మేజోళ్ళు. "ఏటే అలా సూస్తావ్? సలి" అంది.

వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళందరం పక్క గదిలో చాపల మీద కూర్చున్నాం. నాలాగే అందరూ ఇంటి దగ్గర కాళ్ళు తోముకునే వచ్చినట్టున్నారు (కడిగేకొద్దీ నీళ్ళు తేటగానే ఉన్నాయి). నాన్నమ్మ కదలకూడదు, నోరు తెరవకూడదు ప్రభువా అని నేను కళ్ళు మూసుకుని ప్రార్థించాను. తెరిచేసరికి అబ్బాయి వాళ్ళమ్మ బేసిన్ తెచ్చి సరిగ్గా నాన్నమ్మ ముందే కూర్చుంది.

నాన్నమ్మ కాళ్ళు చీరలోకి లాక్కుంది. "నా కాళ్ళు నువ్వు కడగడవేటి తల్లీ. వద్దు."

"యేసు కాళ్ళు కడగబోతే పేతురు కూడా ఇదే మాటన్నాడు పెద్దమ్మగారూ."

నాన్నమ్మ మెల్లగా కాళ్ళు ముందుకు చాపింది. మేజోళ్ళు ఊడాయి. ఆవిరి ఇంజన్ల కాలంలో మా తాతకు షెడ్డులోకి క్యారేజీ మోస్తూ, ఏళ్ళ తరబడి పట్టాల మధ్య కంకర మీద వట్టికాళ్ళతో నడిచిన మడమలు అవి. నిలువునా పగిలి, నల్లబడి ఉన్నాయి. నేను రోజూ చూసే కాళ్ళే. వాటికి ఆమె సిగ్గుపడుతుందని మాత్రం అప్పుడే తెలిసింది. ఆ వాక్యానికి ఆమె చెప్పే అర్థంలో సగం ఆ పగుళ్ళు చెప్పించిందే.

"నొప్పి పెడతాయాండీ?" అని అడిగిందావిడ, ఒక్కో పగులూ వేలితో తడుపుతూ.

"సలికాలంలో" అంది నాన్నమ్మ చిన్న గొంతుతో. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత నాన్నమ్మ వంతు. అందరూ దోసెడు నీళ్ళు పోసి తుండుతో అద్దుతున్నారు. నాన్నమ్మ కొంగు దోపుకుని, నాకు చిన్నప్పుడు స్నానం చేయించినట్టే, ఆవిడ కాళ్ళు పట్టుకుని మోకాళ్ళ దగ్గర్నుంచి మొదలెట్టింది. "సబ్బుందేటి? పోనీ రాయుందా?" అంది. బయట పాట అయిపోయి మళ్ళీ మొదలైంది. ఆడవాళ్ళు ఇంకా రాలేదేమని పాస్టరుగారు కబురు పంపారు. ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, "మా అమ్మ పోయాక నన్నిలా ఎవరూ తోమలేదు పెద్దమ్మగారూ" అంది. ప్రధానం మాట ఆ తడికాళ్ళతోనే, ఆ చాప మీదే అయిపోయింది.

ఇంటికొస్తూ ఆటోలో నాన్నమ్మ, "అయినా అది మనసు వంచమనేలే" అంది. చివరిదాకా ఆ అర్థం మార్చుకోలేదు.

ఇప్పుడు నాన్నమ్మ లేదు. అత్తగారి మడమలూ పగిలాయి. ఏటా ఆ గురువారం ఆవిడ నా ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి, "రాయి తెచ్చావా?" అని అడుగుతుంది. నేను హ్యాండ్‌బ్యాగులోంచి తీస్తాను. నాన్నమ్మను కదలనివ్వొద్దని అంత గట్టిగా ప్రార్థించిన ఆ బ్యాంకు పిల్ల అప్పుడు గుర్తొస్తుంది. దేవుడు ఆ ఒక్క ప్రార్థన విననందుకు ఆయనకు లోలోపలే దండం పెట్టుకుని, తోమడం మొదలెడతాను.