వనమాల పెట్టిన గుర్తులు

మానుకోట బస్టాండు ఎదుట మెమొరీ కార్డుల్లో పాటలు ఎక్కించే వనమాల ఏ పాటనూ చివరిదాకా వినదు. రెండు ముక్కలు చెవిన పడగానే తల పక్కకు వాల్చి, కంప్యూటర్‌లో దానికో గుర్తుమాట తగిలిస్తుంది: నాట్లు, బోనాలు, ట్రాక్టరు, మందు. ఎవరేం అడిగినా ఆ మాట కొట్టి క్షణంలో తీసిస్తుంది. అలాంటి మనిషికి ఈ పొద్దున్నుంచి ఒక పాట దొరకడం లేదు. తండా నుంచి వచ్చిన చంద్రి, స్టూలు వేసినా కూర్చోకుండా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆమె బిడ్డ పూజ పోయిన నెల కాన్పులో చనిపోయింది. పెండ్లినాడు పూజ పాడిన పాటను ఫోన్లో పట్టి, అప్పట్లో ఈ కంప్యూటర్‌లోకి తీయించి కార్డులో ఎక్కించుకుపోయారు. కార్డుతో సహా ఆ ఫోను పోయింది. బిడ్డ గొంతు ఇంకెక్కడా లేదు.

వనమాల “పెండ్లి” అని కొట్టింది. “లంబాడి” అని కొట్టింది, “తండా” అని కొట్టింది. వచ్చిన ప్రతి పాటకూ చంద్రి తల అడ్డంగా ఊపింది.

“జర మల్ల చూడక్కా. అత్తగారింటికి తోలేటప్పుడు మా పిల్లలు ఒక్కొక్కల మెడ పట్టుకొని ఏడ్చుకుంటనే పాడుతరు. గట్ల పాడింది.”

వనమాల చెయ్యి ఆగిపోయింది. ఏడుపు వినగానే తాను ఏ గుర్తు పెట్టి ఉంటుందో ఆమెకు తెలిసిపోయింది. “చావు” అని కొట్టింది. పూజ గొంతు దుకాణమంతా నిండింది. చంద్రి వంగి స్పీకరుకు చెంప ఆనించింది.

“యాడ దొరికిందక్కా?” అని పాట అయిపోయాక అడిగింది.

“పెండ్లి పాటలల్లనే, అడుగున ఉన్నది చంద్రీ,” అంది వనమాల, తెరను తన వైపు తిప్పుకుంటూ.