తలుపు చప్పుడు కాదు, గిటారు

మా కాలంలో సంగీతమంటే మైకు. మైకు గీపెట్టకపోతే మా ఊళ్లో అది పాట కిందికే వచ్చేది కాదు. ఇప్పుడు మా మనవడు చెవుల్లో రెండు తెల్లటి బిరడాలు దూర్చుకొని తనలో తాను తల ఊపుకుంటుంటే, పక్కింటివాడికి వినపడనిది కూడా ఒక పాటేనా అనిపిస్తుంది. (ఆ మాట వాడితో అనను. ఆ బిరడాలు అప్పుడప్పుడూ నాకూ ఇస్తాడు.) మొన్న అలాగే అవి పెట్టుకొని, కళ్లు మూసుకొని కూర్చున్నాను. గ్యాసు సిలిండర్ అబ్బాయి తలుపు బాది బాది వెళ్లిపోయాడట. చప్పుడు నాకు వినపడలేదని కాదు. వినపడింది, గిటారు అనుకున్నాను. "గ్యాసు లేకుంటే ఏమిలే, ఆ గిటారునే పొయ్యిలో పెట్టి వండుతా" అంది మా ఆవిడ. ఆమెకు ఈ కథ కంఠతా వచ్చు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేను కువైట్‌లో, జాబ్రియాలో ఒక ఇంట్లో డ్రైవరుగా ఉండేవాణ్ని. అప్పటికి నాకున్న సంగీత జ్ఞానమంతా మా ఊరి చెక్కభజనలో వెనక వరసలో చెక్కలు కొట్టడం. ముందుకు రానిచ్చేవాళ్లు కాదు. నా గొంతు బాగాలేదని కాదు, నాకు గొంతంటూ ఉండటమే మా భజన గురువుకు నచ్చలేదు. ఆ ఇంటి యజమానురాలిని అక్కడి పనివాళ్లందరిలాగే నేనూ మామా, అంటే అమ్మా, అనేవాణ్ని. ఆమెకు భర్త లేడు, ఒక్కడే కొడుకు. నా ఈడువాడే. చిన్న బాబా అని పిలిచేవాళ్లం. స్పెయిన్‌లో చదువుకొని వచ్చాడు. ఏం చదివాడో నాకిప్పటికీ తెలియదు, తెచ్చింది మాత్రం గిటారు. వంటింట్లో రాయచోటి పక్కనుంచి వచ్చిన అక్క ఉండేది. వరసకు నాకేమీ కాదు గానీ, ఆ దేశంలో మన ఆడవాళ్లంతా మనకు అక్కలే.

అతను వాయించేదాన్ని ఫ్లామెంకో అంటారు. తీగలు మీటుతూ మీటుతూ మధ్యలో గోళ్లతో గిటారు చెక్క మీద టక టక్ అని కొడతారు. మొదటిరోజు ఆ చప్పుడుకు నేను పరుగెత్తి గేటు తీశాను. ఎవరూ లేరు. వేసి వచ్చాను, మళ్లీ టక టక్, మళ్లీ పరుగు. బయట ఎండ చూస్తే పెనం. "ఏందిరా, గేటుకు దిష్టి తీస్తాండావా?" అంది అక్క. సంగతి తెలిశాక చిన్న బాబా నవ్వీ నవ్వీ, జాలిపడి, నన్ను శిష్యుణ్ని చేసుకున్నాడు. కారులో క్యాసెట్ పెట్టేవాడు. అందులో గాయకుడు "ఆ...య్" అని మొదలుపెట్టగానే నేను బండి పక్కకు తీసి, "ఆస్పత్రికా, బాబా?" అని అడిగాను. అతను పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించాడు. "ఇది వేళ్లలోంచి రాదు. చెప్పుకోలేనిది ఇక్కడ ఏదో ఉంటుందే, అందులోంచి రావాలి" అన్నాడు. భక్తిగా తల ఊపాను. (అప్పట్లో నా పొట్టలో ఉన్నదల్లా అక్క వండిన శనగలు.) బాగా వాయించినప్పుడు "ఒలే" అని మెచ్చుకోవాలని కూడా నేర్పాడు. ఇంటికొచ్చి వంటింట్లో ఒకసారి అన్నాను. అక్క అట్లకాడ పట్టుకొని తిరిగింది. "ఎవర్నిరా ఒసే అంటాండావు?"

మామా వేసవికి లండన్ వెళ్లి ఉండగా ఒక ఆగస్టు పొద్దున ఇరాక్ ట్యాంకులు వచ్చేశాయి. సైనికులు ఇళ్లలో దూరి కువైటీ కుర్రవాళ్లను పట్టుకుపోతున్నారు. పోయినవాళ్లు తిరిగి వస్తారన్న నమ్మకం ఎవరికీ లేదు. అందుకని చిన్న బాబాను ఇంటి కింది గదిలో బియ్యం బస్తాల వెనక దాచాం. ఎవరడిగినా యజమానులంతా లండన్‌లో ఉన్నారు, ఇంట్లో ఉన్నది డ్రైవరూ వంటమనిషీ, అంతే. గిటారు మూసిపెట్టమని బతిమాలాను. "వాయించకపోతే నాకు పిచ్చెక్కుతుంది" అన్నాడు. "వాయిస్తే మాకెక్కుతాది" అంది అక్క తెలుగులో, నవ్వుతూ. చివరికి ఏసీ మోత ఉన్నప్పుడు మాత్రమే వాయించేటట్టు ఒప్పందం కుదిరింది.

ఒక మధ్యాహ్నం ఆ ఏసీ ఎప్పుడు ఆగిపోయిందో ఎవరమూ గమనించలేదు. కింద అతను కళ్లు మూసుకొని వాయించుకుంటున్నాడు. పైన నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. టక్ టక్ మని వినిపించింది. అప్పటికి నేను పెద్ద రసికుణ్ని. కత్తి ఆపి, తల వాల్చి విన్నాను.

"తాళం తప్పుతాండాడక్కా ఈపొద్దు. అనుభూతి లేదు."

"సరిగ్గా తినలా. చేతుల్లో సత్తువ యాడుంటాది" అంది అక్క.

చప్పుడు పెరిగింది. "ఆ, ఇప్పుడు కొంచెం నయం. ఒలే" అన్నాను. అంతలో తలుపు గోడకు కొట్టుకుంది. బూటు కాలితో తన్ని ఒక ఇరాకీ సైనికుడు లోపలికి వచ్చాడు. నడివయసువాడు, మీసం నిండా దుమ్ము, భుజాన తుపాకీ. కింద గిటారు టక్కున ఆగిపోయింది.

"వీధిలోకి వినిపిస్తోంది. ఎవరు వాయించేది?" అన్నాడు.

ఎవరూ లేరంటే ఇల్లు వెతుకుతాడు. బస్తాల వెనక చిన్న బాబా. "నేనే" అన్నాను. అతను నా లుంగీని, చేతిలో ఉల్లిపాయను చూశాడు. "నువ్వా?" అన్నాడు. "నేనే సార్, డ్రైవర్ని." "అయితే తెచ్చి వాయించు" అని మామా సోఫాలో కూలబడ్డాడు.

కిందికి వెళితే బస్తాల మధ్య నుంచి గిటారు ముందుకు వచ్చింది, దాని వెనక ఒక చెయ్యి. ఏదో ఆఖరి మాట చెబుతాడనుకొని చెవి దగ్గర పెట్టాను. "తీగల మరలు తిప్పొద్దు. ఇప్పుడే శ్రుతి చేశా" అన్నాడు. ఏడవాలో నవ్వాలో నాకిప్పటికీ తెలియదు.

గిటారును తలకిందులుగా ఒళ్లో పెట్టుకొని ఒక తీగ లాగాను. అది నా మీద ఫిర్యాదు చేసినట్టు మోగింది. సైనికుడి కనుబొమ్మ పైకి లేచింది. ఇక నా చేతులు వాటికి తెలిసిన పనే చేశాయి. గిటారు చెక్క మీద చెక్కభజన వేశాను. నోరు తెరిస్తే మా ఊళ్లో పెళ్లికొడుకును ఊరేగించేటప్పుడు పాడే పాట వచ్చింది. కానీ మొదటి చరణానికే గొంతు పగిలి, మధ్యలో "అయ్యో" అని దానంతట అదే ఒకటి పొట్టలోంచి లేచింది. సరిగ్గా చిన్న బాబా చెయ్యి పెట్టి చూపించిన చోటునుంచే. మా అమ్మ గుర్తొచ్చింది. గిటారు అందించిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. కళ్లవెంట ధారలు. (ఉల్లిపాయ సాయం కొంత ఉందని ఒప్పుకుంటాను.) వంటింటి గుమ్మంలో అక్క చప్పట్లతో తాళం అందుకుంది. నేను ఊపిరి తీసుకునే సందులో నెమ్మదిగా "ఒలే" అంది.

"అల్లా" అన్నాడు సైనికుడు, అంతే నెమ్మదిగా. పాట నచ్చితే అరబ్బులు అనే ఒలే అది.

పాట అయింది. సైనికుడు అడిగాడు. "మీ ఇంట్లో ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు సార్. ఇది పెళ్లి పాట."

నన్ను ఎగాదిగా చూసి, ముఖం తుడుచుకొని లేచాడు. "ఖలాస్. ఇంకెప్పుడూ వాయించొద్దు. తర్వాత వచ్చేవాళ్లు నాలా కూర్చొని వినరు" అన్నాడు. వీధిలో తాను విన్నదానికీ నేను వాయించినదానికీ తేడా తెలియనంత చెవిటివాడు కాదతను. తెలిసే వెళ్లాడని నా నమ్మకం. ఉత్త చేతులతో వెళ్లలేదనుకోండి, పోతూ పోతూ మిక్సీ చంకన పెట్టుకుపోయాడు. "ఆ గిటారు ఇచ్చింటే మిక్సీ మిగిలేది కదరా" అని అక్క చాన్నాళ్లు సణిగింది. కింద చిన్న బాబా మాత్రం నా చెయ్యి పట్టుకొని వదల్లేదు. "నువ్వు వాయించింది ఘోరం. కానీ ఆ అయ్యో ఉందే" అని ఏడ్చేశాడు.

తర్వాత మన దేశంవాళ్లందరితో పాటు అక్కా నేనూ బస్సెక్కి, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, విమానంలో ఇంటికొచ్చాం. బయలుదేరే రోజు చిన్న బాబా గుమ్మం దాటి రాలేడు కదా. మూసిన తలుపు లోపలినుంచి టక టక్ అని కొట్టాడు. నేనూ బయటినుంచి కొట్టాను. ఆ తర్వాత ఏ కబురూ లేదు. అతను ఉన్నాడో లేడో తెలియకుండానే యుద్ధం మొదలైంది, ముగిసింది.

మళ్లీ పని దొరికి కువైట్‌లో దిగినరోజే జాబ్రియా వెళ్లాను. గోడలన్నీ తగలబడిన నూనె బావుల పొగకు నల్లబడి ఉన్నాయి. గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆ గేటును ఎన్నిసార్లు ఉత్తపుణ్యానికి తీశానో నాకే లెక్కలేదు, ఆరోజు దాన్ని తట్టడానికి చెయ్యి లేవలేదు. తట్టకపోతే బతికి ఉన్నాడనే అనుకుంటూ వెనక్కి పోవచ్చు కదా అనిపించింది. ఎలాగో ధైర్యం చేసి టక టక్ అన్నాను. లోపల ఎవరూ కదల్లేదు. ఇంకోసారి తట్టాను.

"తాళం తప్పింది" అన్నాడు చిన్న బాబా లోపలినుంచి. "ఎవరో చెప్పక్కర్లేదు, ఆగు, వస్తున్నా."

ఇప్పుడు చెప్పండి, ఆ గ్యాసు అబ్బాయి తట్టినప్పుడు ఈ ముసలివాడు కళ్లు మూసుకొని ఇంకొంచెంసేపు విందామనుకోవడంలో తప్పేముంది? రేపు మళ్లీ వస్తాడట, ఈసారి నేనే లేచి తీస్తానని మా ఆవిడకు మాటిచ్చాను.